మూడో నీళ్ళు పోయకముందే

మా అత్త పిల్లల జబ్బును ముందు ముక్కుతో పట్టేది. పిల్లను ఎత్తుకుని నడినెత్తి మీద ముక్కు ఆనించి ఒకసారి గాలి పీల్చి, "దీనికి లోపల జరమున్నది, పొద్దుగూకేసరికి బయటపడ్తది" అనేది. నాకేమో పదో తరగతి పాసయ్యానన్న పొగరు. పండిందో లేదో చూడ్డానికి ఇదేమన్నా పనసకాయా అని లోలోపల నవ్వుకునేదాన్ని. సాయంత్రానికి పిల్ల ఒళ్ళు కాలిపోతూ ఉండేది. నేను నోరు మూసుకుని తడిగుడ్డ తెచ్చేదాన్ని.

నేను మధిర వైపు నుంచి వచ్చినదాన్ని. అత్తగారి ఊరు బూర్గంపాడు దగ్గర, అడవి అంచున. డెబ్బైలు అయిపోవస్తుండగా పెళ్ళయి అక్కడికి వెళ్ళాను. మామగారు అప్పటికే లేరు. ఇంట్లో మా అత్త, మా ఆయన, నేను, తర్వాత నా కూతురు. మిరప, కొంచెం పత్తి వేసేవాళ్ళం. చిన్న దవాఖానా బూర్గంపాడులో ఉండేది. పెద్దది కావాలంటే గోదావరి వంతెన దాటి భద్రాచలం పోవాలి. అందుకని మా వీధిలో పిల్లలకు ఏం వచ్చినా తల్లులు ముందు మా అత్త దగ్గరికే ఎత్తుకొచ్చేవాళ్ళు.

మా వైపు అలవాటు కొద్దీ నేను ఆమెను "మీరు" అనేదాన్ని. ఆమెకది పెద్ద తమాషా. "మీరేంది, మీరు? నేనేమన్న తాసీల్దారునా?" అని పొయ్యి దగ్గర కూర్చుని పకపకా నవ్వేది. నేనూ మానలేదు, ఆమె నవ్వడమూ మానలేదు.

ఒక మాట ఒప్పుకోవాలి, ఆమెకు తెలిసినంత నాకు ఈ రోజుకీ తెలియదు. ఏడుపు విని ఏ ఏడుపో చెప్పేది. కడుపునొప్పి ఏడుపైతే పిల్ల మోకాళ్ళు పొట్టలోకి ముడుచుకుంటుంది. చెవిపోటైతే తల అటూ ఇటూ కొట్టుకుంటుంది, చెవి పట్టుకుని లాక్కుంటుంది. జలుబు చేస్తే వామును గుడ్డలో మూటకట్టి, పెనం మీద వెచ్చచేసి, ముందు తన చెంపకు ఆనించి చూసుకుని, అప్పుడు పిల్ల గుండెలకు కాపడం పెట్టేది. విరేచనాలు పట్టుకుంటే ఉప్పు వేసిన గంజి చెంచాతో ఆగి ఆగి తాపించేది. నీళ్ళు తాగితే ఇంకా పోతాయని చాలామంది పిల్లల నోళ్ళు ఎండగట్టేవాళ్ళు. అట్లాంటి తల్లి ఎవరైనా కనిపించిందా, ఇక అయిపోయినట్టే ఆమె పని. "కడువకు చిల్లి పడ్డదని నీళ్ళు పొయ్యుడు బందు పెడ్తవా? పోయినన్ని పొయ్యాలె గద! తెలివున్నదా నీకు?" అని వీధి మొగదాకా వినపడేట్టు తిట్టేది. అడవి పక్క ఊరు కాబట్టి చలిజ్వరం మా పిల్లలకు మామూలు. వణికించి, కాల్చి, చెమట పోసి దిగిపోయి, ఒకరోజు విడిచి మళ్ళీ వచ్చిందంటే ఇక ఆకులూ కషాయాలూ అని ఆగేది కాదు. "గిది దోమ జరం. నాతోని గాదు. చేదు గోలీలు తేపో" అని మా ఆయన్ని సైకిలెక్కించి దవాఖానకు తరిమేది.

ఒక్క గవదబిళ్ళల వైద్యమే నాకు కొరుకుడు పడలేదు. నా కూతురికి దవడల కింద వాచి మొహం బూరెలా అయితే, మా అత్త తన మెడలో గొలుసు తీసి దాని మెడలో వేసింది. బంగారం తగిలితే వాపు తీస్తుందట. గొలుసే కదా, వేసుకోనీ అని ఊరుకున్నాను. వాపు దాని మానాన అది తగ్గింది. పిల్ల మాత్రం గొలుసు ఇవ్వనని మొండికేసింది. అది మళ్ళీ తీసుకునేసరికి మా అత్తకు తల ప్రాణం తోకకొచ్చింది.

ఆమె నేర్పినవాటిలో నేను బాగా గుర్తు పెట్టుకున్నది ఒకటుంది. పక్కింటి పసివాడికి దగ్గని తీసుకొచ్చారు. వాడు ఏడవడం లేదు, ఊరికే కళ్ళు తేలేసి చూస్తున్నాడు. ఏడవట్లేదు కదా, నయమే అనుకున్నాను నేను. మా అత్త వాడి అంగీ పైకెత్తి, "గిటు రా, చూడు" అని నన్ను పిలిచింది. ఊపిరి తీసుకున్నప్పుడల్లా పక్కటెముకల కింద చర్మం లోపలికి గుంటపడుతోంది. ముక్కు పుటాలు ఎగిరెగిరి పడుతున్నాయి.

"డొక్కలెగరేస్తున్నడు. కనవడ్తున్నదా? దగ్గితే దగ్గనియ్యి, ఏడిస్తే ఏడ్వనియ్యి, గవి మనం చూసుకోవచ్చు. డొక్కలెగిరినయంటే మాత్రం దవాఖానకే. నువ్వు ఒండుతుంటే పొయ్యి ఆర్పి పోవాలె. సమజైందా?"

అని నాకు చెప్పి, అటు తిరిగి వాళ్ళ మీద పడింది. "నిలవడి చూస్తరేంది? బండి కట్టుండ్రి!" వాళ్ళు ఆ పూటే తీసుకుపోయారు. ఆ పిల్లవాడు బతికి బట్టకట్టి, మా పెరట్లో జామచెట్టును బతకనివ్వకుండా చేశాడు.

ఇంత తెలివీ ఒక్కచోటికొచ్చి ఆగిపోయేది. అమ్మవారు పోస్తే ఇక ఆమె దాన్ని జబ్బు అనేదే కాదు. అది అమ్మ రావడం. వచ్చినమ్మకు మర్యాద చేస్తాం, మందు వెయ్యం.

నా కూతురికి నాలుగేళ్ళప్పుడు, ఎనభైల మొదట్లో, అది మా ఇంటికి వచ్చింది. తట్టుకు టీకా వెయ్యడం అప్పటికి మా ఊళ్ళో ఇంకా మొదలుకాలేదు. మిరపకాయలు కోసి కల్లంలో ఎండబోసే రోజులు. ఆ రోజుల్లో ఊరంతా ఘాటే. కాయలు ఏరడానికి వచ్చిన కోయ ఆడవాళ్ళు కొంగులు మూతికి చుట్టుకుని, వాళ్ళ భాషలో ఏదో చెప్పుకుని నవ్వుతూ, మధ్యమధ్యలో తుమ్ముతూ పనిచేసేవాళ్ళు. మా ఆయన బస్తాలు వేసుకుని ఖమ్మం మిర్చి యార్డుకు వెళ్ళాడు. ధర నచ్చకపోతే బస్తాల మీదే పడుకుని వారం పది రోజులైనా ఆగడం అక్కడ మామూలే. ఎప్పుడొస్తాడో తనకే తెలియదు.

పిల్లకు కళ్ళు ఎర్రబడ్డాయి. ముక్కు కారుతోంది, దగ్గుతోంది. నేను మిరప ఘాటే అనుకున్నాను. కల్లం దగ్గరికి పోవద్దంటే విన్నావా అని వీపు మీద ఒకటి అంటించాను కూడా. మా ఊళ్ళో ఆ రుతువులో కళ్ళు ఎర్రబడని పిల్ల ఎవరు? మర్నాటికి జ్వరం వచ్చింది. మా అత్త దాన్ని ఒళ్ళోకి లాక్కుని, జుట్టు పక్కకు తీసి, చెవి వెనక చూసింది.

"ఘాటు గాదే పిచ్చిదానా. గిది చూడు."

చెవి వెనక సన్నటి ఎర్ర పొక్కులు, ఆవాలు చల్లినట్టున్నాయి. మా అత్త పిల్లను మెల్లగా మంచం మీద పడుకోబెట్టి, కొంగు సర్దుకుని, నాలుగేళ్ళ పిల్లకు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది.

"వచ్చినవా తల్లీ. సల్లగ సూడు."

ఆ క్షణం నుంచి ఇంటి తీరు మారిపోయింది. గుమ్మానికి వేపమండలు కట్టింది. తాలింపు వెయ్యకూడదు, నూనె వాసన రాకూడదు. తల దువ్వకూడదు. ముక్క వండకూడదు. బయటివాళ్ళు లోపలికి రాకూడదు, పిల్ల గడప దాటకూడదు. పొక్కులు మాడాక వేపాకూ పసుపూ వేసి ఎండలో కాగిన నీళ్ళు పొయ్యాలి. అట్లా మధ్యలో ఎడం ఇచ్చి మూడుసార్లు పోశాక, ఊరి పొలిమేరలో పెరుగన్నం పెట్టి అమ్మను సాగనంపాలి. అప్పటిదాకా సూదీ లేదు, గోలీ లేదు. సూది పొడిస్తే పైకి రావలసిన అమ్మ లోపలికి పోతుందని ఆమె భయం.

అందులో మంచివీ ఉన్నాయి, లేవని ఎందుకనాలి? పిల్ల కళ్ళకు వెలుతురు పడటంలేదని కిటికీకి తడి గోనెపట్టా కట్టింది. పల్చటి మజ్జిగ, జొన్న అంబలి పూటపూటకూ తాపించింది. వీధిలో పిల్లల్ని దగ్గరికి రానివ్వలేదు. ఆ తర్వాత దవాఖానలో నర్సమ్మ చెప్పినవాటిలో సగం ఇవే.

నన్ను చంపుకు తిన్నది మాత్రం ఇంకో నియమం. అమ్మ ఒంటి మీద ఉన్నన్నాళ్ళూ పిల్లను ఒక్క మాట అనకూడదు. పిల్ల ఏమంటే అది అమ్మ అన్నట్టే. ఈ సంగతి నా కూతురు ఎంత జల్దీ పసిగట్టిందంటే, మా అత్త చేతులు జోడించి "ఏం కావాలె తల్లీ?" అని అడగ్గానే, ఒక కన్ను తెరిచి, "బెల్లం" అంది. బెల్లం వచ్చింది. "నువ్వు పాట పాడు" అంది. మా అత్త పాడింది. "ఇది కాదు, ఇంకోటి" అంది. ఇంకోటి పాడింది. "నానమ్మా, నువ్వు ఆ మూలకు కూర్చో" అంది. పాపం ఆవిడ కాళ్ళ నొప్పులతో వెళ్ళి మూలన కూర్చుంది. ఒకసారి అది మజ్జిగ నా మీద ఉమ్మేస్తే, అలవాటు కొద్దీ "ఛీ, దరిద్రపుదానా" అన్నాను. మా అత్త పరుగున వచ్చి, నా బదులు తన చెంపలు తను టపటపా వేసుకుంది. "దానికి తెల్వదు తల్లీ, మధిర పిల్ల, ఇడిసిపెట్టు." నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు.

పొక్కులు నల్లబడి పొట్టు రాలడం మొదలైంది. జ్వరం దిగింది. మొదటి నీళ్ళు పోశాం. ఇక గండం గడిచిందని పొద్దున్నే వాకిలి అలికి ముగ్గు కూడా వేశాను. ఆ మర్నాడే మళ్ళీ ఒళ్ళు కాలింది. ఈసారి పిల్ల బెల్లం అడగలేదు. పాట అడగలేదు. దగ్గు కూడా తగ్గింది, కానీ ఊపిరి వెంటవెంటనే తీసుకుంటోంది. మధ్యాహ్నం దాని గౌను పైకెత్తి చూశాను.

పక్కటెముకల కింద గుంట. వదులుతోంది, మళ్ళీ గుంట. ముక్కు పుటాలు ఎగురుతున్నాయి.

"అత్తమ్మా! ఇటు రండి!"

ఆమె వచ్చింది. చూసింది. చాలాసేపు చూసింది. గౌను కిందికి లాగి, దాని కాళ్ళ మీద దుప్పటి సర్దింది.

"అమ్మ కాకమీదున్నది," అంది. నా మొహం చూడకుండా అంది.

"అమ్మేంటి అత్తమ్మా! డొక్కలెగరేస్తోంది. మీరే కదా చూపించారు నాకు? పొయ్యి ఆర్పి పోవాలన్నారు కదా?"

"గది ఏరే. గా పోరనికి అమ్మ లేదు. దీనికి ఒంటి మీద అమ్మున్నది. ఒక్క నీళ్ళే అయింది. మూడు నీళ్ళు గాకుండ గడప దాటిస్తవా? దవాఖానల సూది పొడిస్తే అమ్మ లోపలికి పోతది. గప్పుడేం జేస్తవ్?"

"లోపలికి పోయేదేమీ లేదు! ఊపిరి అందట్లేదు పిల్లకు!"

"ఒర్రకు. అమ్మ ముంగట ఒర్రకు."

గడపకు అడ్డంగా కూర్చుంది. కావాలని కూర్చుందో, కాళ్ళు నిలవక కూర్చుందో నాకు తెలియదు. ఆమెను దాటుకుని పిల్లను ఎత్తుకుపోవచ్చు. పోలేదు. ఇరవై రెండేళ్ళదాన్ని, మొగుడు ఊళ్ళో లేడు, ఆ ఇంట్లో ఆమె మాటకు ఎదురు నడిచిన మనిషిని నేను చూడలేదు. అదొక్కటే కాదు. నాకూ భయమే. పదో తరగతి పాసైతే మాత్రం భయం పోతుందా? నిజంగానే లోపలికి పోతే? రేపు పిల్లకేమన్నా అయితే, గడప దాటించింది నేనే అవుతానుగా? ఆ మాట వీధిలోవాళ్ళు అననక్కర్లేదు, నాకు నేనే అనుకుంటాను బతికినన్నాళ్ళూ.

గ్లాసులో మజ్జిగ తెచ్చి దాని నోటికి పెట్టాను. తల తిప్పేసుకుని, "వద్దు" అంది. మళ్ళీ పెట్టాను. "వద్దు."

మా అత్త లేచొచ్చి నా చేతిలో గ్లాసు తీసేసుకుంది. "అమ్మ ఒద్దంటున్నది. ఎందుకు ఎంటవడ్తవు?" అని గ్లాసు పట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఒళ్ళు భగ్గున మండింది నాకు. ఊపిరాడని పిల్ల వద్దంటే అమ్మ వద్దన్నట్టా! ఎవరి మాట అమ్మ మాట ఇక్కడ? జ్వరంలో అది ఏం వాగితే అది... అని పళ్ళు కొరుక్కుంటూ ఉండగానే తట్టింది నాకు. అవును. అది ఏమంటే అది అమ్మ మాటే. ఆ మాట ఈ ఇంట్లో ఎవరూ కాదనరు.

పిల్ల పక్కన పడుకుని చెవి దగ్గర నోరు పెట్టాను. దానికి బస్సంటే ప్రాణం. ఎప్పుడు భద్రాచలం వెళ్ళినా వంతెన మీద కిటికీలోంచి గోదావరిలోకి పైసా వెయ్యనివ్వాలి. లేకపోతే బస్సంతా ఒకటే రాగం.

"బస్సెక్కుదామా నాన్నా? గోదారి వంతెన మీద పోదామా?" అన్నాను.

తలూపింది. తలూపితే లాభం లేదు.

"నానమ్మతో చెప్పు మరి. నోటితో చెప్పాలి. గోదారికి పోదాం అని చెప్పు. చెబుతావా?"

కళ్ళు మూసుకుంది. దాని మెడ దగ్గర చర్మం ఎగిరెగిరి పడుతోంది. బుగ్గ తట్టాను. బతిమాలాను. "ఒక్కసారి చెప్పమ్మా, నా తల్లివి కదూ." అమ్మ ఉందో లేదో నాకు తెలియదు గాని, ఆ పూట నేను నా కూతుర్ని మొక్కినట్టు ఏ గుళ్ళోనూ మొక్కలేదు.

"అత్తమ్మా, ఏదో అడుగుతోంది, రండి" అని పిలిచాను.

మా అత్త చేతులు తుడుచుకుంటూ వచ్చి మంచం దగ్గర నేల మీద కూర్చుని చేతులు జోడించింది. "చెప్పు తల్లీ."

పిల్ల కళ్ళు తెరిచింది. నన్ను చూసింది, నానమ్మను చూసింది. "బెల్లం..." అంది.

నా ప్రాణం ఉసూరుమంది. మా అత్త లేవబోయింది.

"బెల్లం కాదు," అంది పిల్ల. మధ్యలో ఊపిరి తీసుకుంది. "గోదారి."

"గోదారి?"

"గోదారికి... బస్సులో... పోదాం."

మా అత్త కదల్లేదు. పిల్ల మొహంలోకి చూస్తూ అట్లాగే ఉండిపోయింది. నేను తల దించుకున్నాను. నా మొహం చూస్తే ఎక్కడ పట్టేస్తుందోనని నా భయం.

"అమ్మ గోదారికి పోత అంటున్నది," అంది చివరికి. తర్వాత గొంతు మారిపోయింది. "చూస్తవేంది ముద్దపప్పులెక్క? అమ్మ పోతనంటే ఆపెతందుకు మనమెవ్వలం? జల్దీ లెవ్! పొయ్యి ఆర్పు. బస్సొచ్చే యాళ్ళయింది!"

కాళ్ళ నొప్పులన్న మనిషి పిల్లను తనే ఎత్తుకుంది. గుమ్మానికి కట్టిన వేపమండ ఒకటి తెంపి చేత్తో పట్టుకుంది. పసుపు గుడ్డలో పైసా మూటకట్టింది. తలకు నూనె లేదు, దువ్వెన లేదు, జుట్టంతా రేగిపోయి ఉంది. ఆ అవతారంతో, చెప్పులు కూడా లేకుండా, నా ముందు నడిచింది. నేను వెనక పరుగు.

బస్సు కిక్కిరిసి ఉంది. వేపమండ చూడగానే జనం వాళ్ళంతట వాళ్ళే జరిగారు. ముందు సీటు ఖాళీ అయింది. కండక్టరు దూరం నుంచే దణ్ణం పెట్టి, టికెట్టు మాట మర్చిపోయి, మళ్ళీ గుర్తొచ్చి, వెనకనున్న నన్ను అడిగాడు. పిల్ల మా అత్త భుజం మీద తల వాల్చేసింది. దాని ఊపిరి శబ్దం ఇంజను మోతలో వినపడటంలేదని, నేను దాని డొక్కల మీద చెయ్యి వేసి ఉంచాను. చేతి కింద అవి కదులుతున్నంతసేపూ నాకు ఫర్వాలేదు.

వంతెన వచ్చింది. వేసవికి గోదావరి ఇసుక మధ్యలో పాయలై ఉంది. పిల్లకు కిటికీ చూపిద్దామని దాని తల ఎత్తాను. కళ్ళు తెరవలేదు. నాకు ఏడుపు ఆగలేదు. పక్కన ఎవరున్నారో కూడా చూడకుండా ఏడ్చాను. మా అత్త మాత్రం కిటికీ వైపు జరిగి, వేపమండను పిల్ల తల చుట్టూ తిప్పి, చెయ్యి బయటికి చాపింది.

"ఇగో తల్లీ, నువ్వడిగిన గోదారి. నువ్విక్కడ దిగు. సల్లని నీళ్ళల్ల సల్లగుండు. పిల్లను నాకిడిసిపెట్టు."

వేపమండా, పైసా మూటా వదిలేసింది. నాకు తెలిసి మూడో నీళ్ళు పోయకముందే అమ్మను సాగనంపడం మా ఊళ్ళో ఎవరూ చెయ్యలేదు. పొలిమేరలో కాకుండా బస్సు కిటికీలోంచి సాగనంపడం అసలే లేదు. తల లోపలికి తీసుకుని కొంగుతో మొహం తుడుచుకుంది. "ఇగ దాని ఒంటి మీద అమ్మ లేదు. డాక్టరు సూదిచ్చుకుంటడో ఏమిచ్చుకుంటడో ఇచ్చుకోనియ్యి" అంది.

దవాఖానలో డాక్టరు గొట్టం పెట్టి వీపు మీద, ఛాతీ మీద విని, తట్టు తర్వాత ఊపిరితిత్తులకు నెమ్ము పట్టిందని చెప్పాడు. వెంటనే మంచం ఇచ్చారు. సూది ఇచ్చారు, ముక్కు దగ్గర గాలి గొట్టం పెట్టారు. సూది పొడిచేటప్పుడు మా అత్త వరండాలోకి పోయి గోడవైపు తిరిగి నిలబడింది. పిల్ల ఏడవలేదు. ఏడ్చే ఓపిక లేదు. కాగితంలా పడుకున్న ఆ పిల్లను చూస్తూ నేను మంచం కోడు పట్టుకుని కూర్చున్నాను. ఏం తాగినా తాగకపోయినా చెంచాతో తడుపుతూనే ఉండండి, వద్దంటే కాసేపాగి మళ్ళీ పెట్టండి అంది నర్సమ్మ. మా అత్త ఆ చెంచా ఎవరికీ ఇవ్వలేదు. పిల్ల "వద్దు" అన్న ప్రతిసారీ, "ఒద్దంటే ఊకునెటోళ్ళు లేరీడ, మింగు" అని కసిరి మరీ పోసింది. కసురుతున్న ఆమెను చూసి నేను నోరు తెరిచేశాను.

ఆ రాత్రంతా, మర్నాడంతా అది ఎటు తేలుతుందో ఎవరూ చెప్పలేదు. ఆ మరుసటి పొద్దున చెంచా మూతి దగ్గరికి తీసుకెళ్తే, పిల్ల చేత్తో తోసేసి, ఊపిరంతా కూడగట్టుకుని ఏడ్చింది. సూదులిచ్చే ఆమెను చూసి ఇంకా గట్టిగా ఏడ్చింది. వార్డంతా వినపడింది. నర్సమ్మ నవ్వింది. గౌను ఎత్తి చూశాను. గుంట చాలా తగ్గింది.

అది నిద్రపోయాక మేమిద్దరం వరండాలో కూర్చున్నాం. మా అత్త పిల్ల కోసం తెచ్చిన బత్తాయి ఒలుస్తోంది. మా ఆయనకు కబురు అంది, దారిలో ఉన్నాడు. ప్రాణం కుదుటపడితే నా నోరు ఊరికే ఉంటుందా? పెద్ద పోటుగత్తెలా, "ఏమైనా అత్తమ్మా, మీరు అమ్మ మాట విన్నారు కాబట్టి సరిపోయింది" అన్నాను.

ఆమె బత్తాయి తొన మీద పీచు తీస్తూనే ఉంది.

"అమ్మ మాటనా?" అంది. "అడ్డగోడ మీదికెల్లి వంటింట్లకు అన్నీ ఇనవడ్తయి. బస్సెక్కుదామా నాన్నా, గోదారికి పోదామా... నాకు చెవుడనుకున్నవా?"

"మరి తెలిసీ ఎందుకొచ్చారు?" అని గొణిగాను.

ఒలిచిన తొనలు ఒక్కొక్కటే నా ఒళ్ళో కొంగులో పెట్టింది.

"నీ మొగడు పుట్టకముందు నాకొక ఆడపిల్లుండె. గిట్లనే అమ్మ వచ్చింది. గిట్లనే ఒక నీళ్ళు పోసినంక డొక్కలెగరేసింది. మా అత్త గడపల కూసున్నది, మూడు నీళ్ళు గావాలె అన్నది. పిల్ల పాలొద్దన్నది, అమ్మ ఒద్దంటున్నదని గిలాస తీసుకపోయింది. నేనేం అనలే. పెద్దామె, ఆమెకు తెల్వదా అనుకున్న. రెండో నీళ్ళకు పిల్ల లేదు." చేతిలో తొక్కలు పక్కన పెట్టింది. "నిన్ను గడపల ఆపినప్పుడు నాకూ భయమే పిల్లా. ఎటు చేస్తే ఏమైతదో అని. నువ్వు దాని చెవుల చెప్తుంటే ఇన్న. ఎట్లన్న జేసి గది నోరిప్పితే బాగుండు అని మొక్కిన. నాకు గప్పుడు గా ఉపాయం తట్టలే. తడితే నా బిడ్డ గూడ బతుకుతుండె."

అన్నేళ్ళుగా ఆ ఇంట్లో ఉంటూ ఆ పిల్ల గురించి నేను ఒక్క మాటా వినలేదు. ఫోటో లేదు, వీధిలో ఎవరూ ఆ ఊసెత్తలేదు.

"ఎన్నేళ్ళది అత్తమ్మా?" అన్నాను.

"దీనంతే," అని లోపల మంచం మీది పిల్ల వైపు చూసింది. చేతులు కొంగుకు తుడుచుకుని, పాలు వెచ్చచేసుకొస్తానని గిన్నె తీసుకుని లేచింది.